వెనక్కి నడిచే లాయరమ్మ

బడి, మెట్ల కింది గది
సోమవారం, మధ్యాహ్నం గంట కొట్టాక

అక్కా,

ఉద్యోగంలో చేరానని ఫోన్లో చెప్పాను. కానీ ఫోన్లో నీకు సగమే వినపడుతుంది, మిగతా సగం నువ్వే మాట్లాడేస్తావు. అందుకే ఉత్తరమే నయమనుకున్నాను. కాగితం మీద నువ్వు నాకు అడ్డు తగల్లేవు.

నా గది మెట్ల కింద ఉంది. పైకప్పు ఒక పక్కకి ఏటవాలుగా దిగిపోతుంది కాబట్టి ఆ పక్క తల వంచకుండా నిలబడే యోగం ఒకటో తరగతి వాళ్ళకే ఉంది. నాకు ముందు పనిచేసిన మేడం ఒక గుండ్రటి బల్ల, దాని చుట్టూ బుల్లి కుర్చీలు, కోపం, బెంగ, సంతోషం మొహాలు గీసిన అట్టలు, ఆడుకోవడానికి ఒక ఇసుక పళ్ళెం వదిలి వెళ్ళింది. పెద్దవాళ్ళు కూర్చునే కుర్చీ మాత్రం ఒక్కటీ లేదు. నేను కూర్చుంటే మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగులుతున్నాయి.

మొదటిరోజు అన్ని తరగతులకూ వెళ్ళి, నేను ఈ బడి కౌన్సిలర్‌నని చెప్పాను. మీరు ఏం పాఠం చెప్తారు సార్ అని అడిగారు. పాఠం చెప్పను, మీరు చెప్పింది వింటాను అన్నాను. రెండో తరగతిలో ఒకడు జాలిగా చూసి, మీకు ఇంకా పాఠం ఇవ్వలేదా సార్ అన్నాడు. ఇన్నేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి, పట్టుపట్టి చదువుకుని మరీ ఈ పనిలోకి వచ్చినవాణ్ణి, ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కోవలసి వచ్చింది. టీచర్లు నాకు ఇంకో రకంగా సాయం చేస్తున్నారు. అల్లరి చేశావంటే కౌన్సిలర్ సార్ దగ్గరికి పంపిస్తానని బెదిరిస్తున్నారు. నాది పోలీసు స్టేషన్ కాదని స్టాఫ్ రూములో మర్యాదగానే చెప్పి చూశాను. నవ్వి టీ ఇచ్చారు.

అసలు సంగతేమిటంటే, ఒక్క పిల్లా నా గదికి రావడం లేదు. తలుపు బార్లా తీసే ఉంచుతున్నాను. నా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అందరూ పరుగందుకుంటున్నారు. కొందరైతే బుగ్గలు పూరించి, ఊపిరి బిగబట్టి మరీ పరుగెడుతున్నారు. పిల్లలకి భయం పుట్టించే మొహమా నాది? నిజం చెప్పు.

నీ తమ్ముడు


ఇంటి నుంచి
ల్యాబుకి బయల్దేరుతూ, ఒక కాలికి చెప్పు తొడుక్కుని

ఒరే తమ్ముడూ,

నిజం చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నాను. నీ మొహానికేం రాలేదు, ఆ మీసమే. పెద్ద పిల్లల్ని అదుపులో పెట్టడానికి పెంచావు, బాగానే పనికొచ్చింది. ఇప్పుడది నీకంటే ముందు తరగతిలోకి నడిచి వెళ్తోంది. తీసెయ్యి. మీ బావగారు మాత్రం వద్దంటున్నారు. మగవాడి మీసం జోలికి ఆడవాళ్ళు రాకూడదట. ఆయనకి మీసం లేదు, కాబట్టి ఆ మాటకి విలువ కట్టలేం.

ఆయన వయొలిన్ నేర్చుకుంటున్నారని చెప్పానా? రిటైరయ్యాక ఏదో ఒకటి పట్టుకోవాలి కదా అని పట్టుకున్నారు. అది ఆయన్ని పట్టుకుని వదలడం లేదు. కింది వాటా వాళ్ళు ఎంతో మంచివాళ్ళు, కిటికీలు మూసుకుంటున్నారంతే. నువ్వూ రిటైరై ఇంట్లో కూర్చో, ఇద్దరం కలిసి నేర్చుకుందాం అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. నేను వచ్చే ఏడాదికి పొడిగింపు అడిగి వచ్చాను. నేను లేకపోతే ఆ ల్యాబులో రక్తం సీసాలకి చీటీలు సరిగ్గా అంటించే దిక్కు లేదు.

మరదలికి నా ఆశీస్సులు. మీసం సంగతి తనని కూడా అడుగు.

అక్క


బడి, మెట్ల కింది గది
శుక్రవారం సాయంత్రం

అక్కా,

మీసం పోయింది. నీ మరదలు నన్ను చూసి కడుపు చెక్కలయ్యేలా నవ్వింది, అద్దంలో చూసుకుని నేనూ నవ్వుకున్నాను. పిల్లలు మాత్రం అలాగే పరుగెడుతున్నారు. కాబట్టి నీ సలహాకి బలైన ఆ మీసం ఏ పాపమూ ఎరగదని తేలింది.

అసలు కారణం నిన్న బయటపడింది. ఒకటో తరగతి బుడత ఒకడు షూ లేసు ఊడిపోయి సరిగ్గా నా గుమ్మం ముందు ఆగవలసి వచ్చింది. లేసు కడుతుంటే చెక్కిళ్ళు ఉబ్బించి కూర్చున్నాడు. ఊపిరి వదలరా నాయనా అంటే తల అడ్డంగా ఊపాడు. ముడి వేసి, నాలుగడుగులు అవతలకి తీసుకెళ్ళాక గానీ నోరు విప్పలేదు. "ఆ గదిలోకి వెళ్తే అమ్మానాన్న విడిపోతారంట సార్. గాలి పీల్చినా అంతేనంట," అన్నాడు.

పాత మేడం గురువారం గురువారం అమ్మ ఒక ఇంట్లో, నాన్న ఒక ఇంట్లో ఉండే పిల్లల్ని ఈ గదిలో కూర్చోబెట్టి మాట్లాడించేదట. మంచి పనే. కానీ బయట నిలబడి చూసిన పిల్లలకి కనపడింది వేరు. ఆ గదిలోకి వెళ్ళొచ్చే వాళ్ళందరి ఇళ్ళూ రెండయ్యాయి. కాబట్టి గదే ఆ పని చేస్తోంది. ఏది ముందో ఏది వెనకో తారుమారు చేసేశారు. అంతమందికి లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ తర్కంలో తప్పెక్కడుందో బోర్డు మీద గీసి చూపించగలను. ఒకటో తరగతి వాడికి మాత్రం చూపించలేకపోయాను.

ఈ సంగతి ఊడవడానికి వచ్చిన ఆయమ్మకి చెప్పాను. ఆమె చీపురు గోడకి ఆనించింది. "నేను రోజూ ఈ గదిలోనే ఊడుస్తున్నా బాబూ. మా ఆయన ఇంచి కూడా కదల్లేదు. అంత మహిమే ఉంటే ముందే చెప్పొద్దా?" అంది.

ఇంకో విచిత్రం. ఇంటి గంట కొట్టాక, అందరూ వెళ్ళిపోయాక, ఒక మూడో తరగతి పిల్ల రోజూ నా గుమ్మం ముందు నుంచి వెనక్కి నడుచుకుంటూ వెళ్తోంది. మొహం చాలా గంభీరంగా ఉంటుంది. ఆట అనుకుందామంటే నవ్వు లేదు.

తమ్ముడు


ఇంటి నుంచి
ఆదివారం, బట్టలు ఆరేశాక

ఒరే,

మీ ఆయమ్మ మాట మీ బావగారికి చదివి వినిపించాను. వయొలిన్ కమాను కింద పెట్టి మరీ నవ్వారు. ఆ కాసేపు వీధి వీధంతా సుఖపడింది.

పిల్లలు గదిలోకి రాకపోతే నువ్వే బయటికి వెళ్ళి కూర్చో. నేనూ అంతే చేస్తాను. సూదికి జడిసి పిల్లలు నా గదిలోకి రాకపోతే వరండాలోకి వెళ్ళి, బెంచీ మీదే రక్తం తీస్తాను. గది ముఖ్యమా, పని ముఖ్యమా?

ఉంటాను. ఆదివారమైనా ల్యాబులో లెక్క సరిచూసుకునేది కాస్త ఉంది.

అక్క


బడి, నీళ్ళ కొళాయిల పక్కన
బుధవారం

అక్కా,

నీ మాట విన్నాను. ఈసారి ఏమీ గొరగవలసిన పని లేకపోయింది. స్టాఫ్ రూము నుంచి ఒక కుర్చీ తెచ్చుకుని వరండాలో నీళ్ళ కొళాయిల పక్కన వేసుకున్నాను. బడిలో ప్రతి పిల్లా దాహమేసినప్పుడో, పాఠం విసుగేసినప్పుడో రాక తప్పని చోటది. పెద్దమేడం, అంటే మా హెడ్మిస్ట్రెస్, ఇదేం పద్ధతి అన్నట్టు కళ్ళద్దాల పైనుంచి చూసింది. వారం తిరిగేసరికి తనే ఇంకో కుర్చీ పంపింది.

ఇప్పుడు నాకు క్షణం తీరిక లేదు. ప్రాణ స్నేహితురాలు రేపటిదాకా మాట్లాడనందని ఒకతె, కొత్తగా పుట్టిన చెల్లెల్ని ఆస్పత్రికి తిరిగి ఇచ్చెయ్యొచ్చా అని ఇంకొకడు. మా నాన్న ఏడుస్తుంటే చూశాను సార్ అని మాత్రం చెప్పి నీళ్ళు తాగి వెళ్ళిపోయినవాడు ఒకడున్నాడు. వాడు మళ్ళీ వస్తాడని ఎదురుచూస్తున్నాను. సాయంత్రానికి ఒళ్ళు హూనమవుతోంది, కానీ ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్తున్నాను. హైస్కూల్లో ఒక్కరోజు కూడా అలా వెళ్ళిన గుర్తు లేదు.

ఆ వెనక్కి నడిచే పిల్ల కూడా వచ్చింది. పేరు చెప్పను, అడక్కు. లాయరమ్మ అంటాను, ఎందుకంటానో నీకే తెలుస్తుంది. ఎవరికీ చెప్పనని ముందు ప్రమాణం చెయ్యమంది. నీకు దెబ్బ తగిలే విషయమైతే తప్ప చెప్పనన్నాను. మా ఉద్యోగంలో అంతకంటే మాట ఇవ్వలేం. ఆ షరతు ఎవరు పెట్టారు, ఎంత దెబ్బైతే దెబ్బ, మోకాలు గీసుకుంటే లెక్కా కాదా అని చాలాసేపు వాదించింది. ముందు పన్ను ఊడి ఉంది కానీ వాదనలో ఒక్క సందు లేదు.

కిందటేడు వాళ్ళ టీచరు రంగు అట్టలు తెమ్మని తనని ఆ గదికి పంపిందట. వెళ్ళి, తెచ్చి ఊరుకోకుండా ఒక కుర్చీలో కూర్చుని కూడా చూసిందట. ఆ వారంలోనే వాళ్ళ నాన్న పెట్టె సర్దుకుని వేరే ఇంటికి వెళ్ళిపోయాడు. ఇల్లు రెండైంది తన వల్లేనని ఆ పిల్ల ఏడాదిగా మోస్తోందక్కా. ముందుకి నడిచి లోపలికి వెళ్ళింది కాబట్టి, వెనక్కి నడిస్తే అదంతా తిరిగి వెనక్కి పోతుందని దాని లెక్క.

నీ తప్పు కాదమ్మా అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మాకు నేర్పే మొదటి మాటే అది. ఎందుకో ఆగి, నడవడం మానేస్తే ఏమవుతుందని అడిగాను. "మానేస్తే వాళ్ళింక ఎప్పటికీ కలవరు కదా సార్," అంది, అంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

అప్పుడు నాకు అర్థమైంది. తప్పు తనదైతే దిద్దుకోవడమూ తన చేతిలోనే ఉంటుంది. తప్పు నీది కాదని చెప్పడమంటే, నీ చేతిలో ఏమీ లేదని చెప్పడమే. ఆ రెండో మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. నువ్వు ఇంకోసారి రావాలి అని మాత్రం అన్నాను.

నాన్న మనల్ని వదిలి వెళ్ళినప్పుడు నాకు అయిదేళ్ళు, నీకు పదకొండు. నాకేమీ గుర్తు లేదు. అప్పుడు మనిద్దరం ఏం చేశామక్కా? ఏమనుకున్నాం?

తమ్ముడు


ఇంటి నుంచి
మంగళవారం

ఒరే తమ్ముడూ,

నువ్వా? నువ్వేం చేస్తావు, తిన్నావు, పడుకున్నావు. రెండు రోజులు నాన్నేడి అని అడిగావు. మూడో రోజు ఎదురింటి వాళ్ళ కుక్క పిల్లల్ని పెడితే ఆ ధ్యాసలో పడ్డావు. అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో డ్యూటీకి వెళ్తే నిన్ను ఆ కుక్కపిల్లల దగ్గర వదిలి నేను చదువుకునేదాన్ని. నీ గురించి బెంగపడాల్సిందేమీ లేదు.

ఇక ఆ పిల్ల సంగతి. తొందరపడకు. వెనక్కి నడిస్తే ఎవరికి నష్టం? ఆశ ఉంటే ఉండనీ. కాస్త పెద్దయితే దానికే తెలుస్తుంది. పిల్లల మనసులో ఉన్నవన్నీ పీకి పోగులు పెట్టడమేనా మీ చదువు?

ల్యాబులో కొత్త యంత్రం వచ్చింది. నేర్చుకోవడానికి కుర్రవాళ్ళు తంటాలు పడుతుంటే నేను అందరికంటే ముందే నేర్చేసుకున్నాను. మీ బావగారు ఒక పాట మొత్తం వాయించారు. ఏ పాటో ఆయన చెప్పాక తెలిసింది.

అక్క


బడి నుంచి
గురువారం

అక్కా,

నష్టం జరిగింది.

వరండాలో నడిస్తే చాలడం లేదని లాయరమ్మ ఎప్పుడో తేల్చుకుందట. పోయిన వారం నుంచి పై అంతస్తు నుంచి మెట్లు కూడా వెనక్కే దిగడం మొదలుపెట్టింది. నేను కొళాయిల దగ్గర కూర్చుని ఉండగా పడిన చప్పుడు వినపడింది. మణికట్టు బెణికింది, గడ్డం గీసుకుపోయింది, దేవుడి దయవల్ల అంతకంటే ఏమీ కాలేదు. నేను ఎత్తుకుని తీసుకొస్తుంటే ఏడవలేదు. ఆఖరి మెట్టు తప్పిపోయింది సార్, ఇవాళ్టిది లెక్కలోకి రాదు అంది.

ఇక నేను మాట నిలుపుకోలేనని దానికే ముందు చెప్పాను. మీ అమ్మానాన్నలతో మాట్లాడాలి, దెబ్బ తగిలింది కదా అన్నాను. "మీరు షరతు వాడుకున్నారు," అంది. అవునన్నాను. నా వైపు చూడకుండా కూర్చుంది.

వాళ్ళమ్మతో ఒకసారి, వాళ్ళ నాన్నతో ఒకసారి విడివిడిగా మాట్లాడాను. ఇద్దరూ మంచివాళ్ళే. ఒకరిమీద ఒకరు చాడీలు చెప్పలేదు. మేమిద్దరం నిన్ను ప్రేమిస్తున్నామని పిల్లకి ఎన్నోసార్లు చెప్పారట. ఇంక కలిసి ఉండబోమని మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. అడిగినప్పుడల్లా ఒకరు చూద్దాం అన్నారు, ఒకరు ప్రస్తుతానికి ఇంతే అన్నారు. పిల్ల నొచ్చుకుంటుందని. ఆ రెండు మాటల్నీ పట్టుకునే అది ఇన్నాళ్ళూ నడిచింది. చెప్పించాలా, ఇంకొన్నాళ్ళు ఆగాలా అని ఇంకా నాలో నేనే తన్నుకుంటున్నాను.

పోయిన ఉత్తరంలో ఇద్దరి గురించీ అడిగాను. నువ్వు నా సంగతే రాశావు. పెద్దయితే దానికే తెలుస్తుందన్నావు. నీకు ఎప్పుడు తెలిసింది?

తమ్ముడు


ఇంటి నుంచి
శనివారం. సెలవు పెట్టాను

తమ్ముడూ,

ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది మూడోది. ఎలా వస్తే అలా రాస్తున్నాను.

నాన్న వెళ్తున్న పొద్దున నేను గుమ్మంలో నిలబడ్డాను. నువ్వు లోపల నిద్రపోతున్నావు. మళ్ళీ ఎప్పుడొస్తావు నాన్నా అని అడిగాను. ఆయన బూట్ల లేసు కట్టుకుంటూ, బాగా చదువుకో, ఫస్టు వస్తే చూడటానికి వస్తాను అన్నారు. ఆయన ఏదో అనాలి కాబట్టి అన్నారు. నేను విన్నది వేరు. ఫస్టు వస్తే తిరిగొస్తారని విన్నాను.

అంతకుముందు నేను మామూలు పిల్లనిరా. ఆ ఏడాది ఫస్టు వచ్చాను. ఆయన నిజంగానే వచ్చారు. బహుమతి చూశారు, తలమీద చెయ్యి వేశారు, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయారు. ఉండిపోలేదనే కోపం ఆయనమీద రావాలి కదా. నాకు రాలేదు. ఒక్క తరగతిలో ఫస్టు వస్తే సరిపోదేమో, బడి మొత్తానికి రావాలేమో అనుకున్నాను. అదీ వచ్చాను. ఆ తర్వాత కాలేజీలో. అక్కని చూసి బుద్ధి తెచ్చుకో అని అందరూ నిన్ను సాధించేవారు, నువ్వు మొహం మాడ్చుకునేవాడివి. నేను చేస్తున్నది చదువు కాదురా తమ్ముడూ. మీ లాయరమ్మ చేస్తున్నదే. మెట్లు వెనక్కి దిగడమే. నాకు దెబ్బలు తగల్లేదు, మెడల్స్ వచ్చాయి. అందుకని ఎవరూ పట్టుకోలేదు.

ఎప్పుడు తెలిసిందని అడిగావు. తెలియలేదు. ఒక్కరోజు పొద్దున లేచి, ఓహో ఇక ఆయన రారు అని అనుకున్నది లేదు. ఎందుకు మొదలుపెట్టానో మెల్లగా మరిచిపోయాను. పరుగు మాత్రం మానలేదు. నాన్న పోయారని కబురు వచ్చినప్పుడు నేను ల్యాబులో ఉన్నాను. చేతిలో ఉన్న పని పూర్తిచేసి, సరిచూసుకుని, అప్పుడు బయల్దేరాను. మీ బావగారు పెళ్ళైన నాటి నుంచీ నాతో ఒకటే మాట అంటున్నారు, కాసేపు కూర్చోవోయ్ అని. నిన్న నీ ఉత్తరం చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన వయొలిన్ పక్కన పెట్టి వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఇదంతా ఆయనకి చెప్పాను. ఇన్నేళ్ళలో మొదటిసారి.

అమ్మ నాకెందుకు చెప్పలేదని ఇప్పుడు నాకు కోపం లేదు. తనూ పాపం చూద్దాం అనే మాట మీదే బతికింది. కానీ ఎవరో ఒకరు నాకు చెప్పి ఉంటే బాగుండేది. ఏడ్చేదాన్ని. ఇల్లు పీకి పందిరేసేదాన్ని. నాన్నమీద కోపం వచ్చేది, ఆ కోపం కూడా నాకు రావలసిందే కదా, అది కూడా దొరకలేదు.

మొన్న తొందరపడకు అని రాసింది నేను కాదు, ఆ గుమ్మంలో పిల్ల. దాని మాట వినకు. చెప్పించు. వాళ్ళిద్దరి చేతా, ఒకేసారి, సూటిగా. ఆ పిల్ల ఏడుస్తుంది. ఏడవనీ. నువ్వు పక్కనే కూర్చో, ఇంకేమీ చెయ్యకు.

అక్క


బడి, మెట్ల కింది గది
బుధవారం

అక్కా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు చదివాను, మళ్ళీ ఇంటికెళ్ళి చదివాను, నీ మరదలి చేత చదివించాను. నీ మీద నాకు చిన్నప్పటి ఉక్రోషం ఒకటి ఉండేది. అది ఇప్పుడు వెతికినా కనపడటం లేదు. ఎదురుగా ఉంటే ఏం మాట్లాడేవాణ్ణో తెలీదు, నీ పక్కన కూర్చునేవాణ్ణి.

చెప్పించాను. ఎక్కడ కూర్చుందామని లాయరమ్మనే అడిగాను. ఆ గదిలోనే అంది. వాళ్ళకి ఇప్పుడు కొత్తగా అయ్యేదేముంది అంది.

వాళ్ళమ్మ, వాళ్ళ నాన్న ఆ బుల్లి కుర్చీల్లో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. చూద్దాం అనకూడదు, ప్రస్తుతానికి అనకూడదు అని ముందే బతిమాలుకున్నాను. అయినా నాన్న అలవాటుగా ప్రస్తుతానికి అని మొదలుపెట్టి, నన్ను చూసి ఆగిపోయాడు. అప్పుడు వాళ్ళమ్మ చెప్పింది. "మేమిద్దరం ఇంక ఒకే ఇంట్లో ఉండం తల్లీ. నువ్వేం చేసినా ఉండం, ఏం చెయ్యకపోయినా ఉండం. ఇది మేం పెద్దవాళ్ళం అనుకున్నది." 

పిల్ల గుమ్మంలోనే నిలబడి ఉంది. మరి నేను గదిలోకి వచ్చాక కదా నాన్న వెళ్ళింది అంది. అప్పుడు నాన్న చెప్పిన మాట నేను నేర్పింది కాదు. ఏ చదువుకున్నవాడూ నేర్పగలిగింది కాదు. "నువ్వు ఈ గదిలోకి రాకముందే నేను ఆ ఇల్లు చూసుకున్నానమ్మా. తాళం చెవి అప్పటికే నా జేబులో ఉంది. నీకు చెప్పడానికే ధైర్యం చాల్లేదు."

ముందేనా అంది. ముందే అన్నాడు. నిజంగా ముందేనా అని అమ్మని అడిగింది. అమ్మ తలూపింది.

ఆ సాక్ష్యం ముందు మా లాయరమ్మ ఓడిపోయింది. తర్వాత వచ్చిన ఏడుపు నేను చెప్పలేను. నాకు ముందే ఎందుకు చెప్పలేదని అరిచింది, కట్టు కట్టిన చెయ్యి మరిచిపోయి ఇసుక పళ్ళెం తోసేసింది. ఇసుకంతా వాళ్ళ ఒళ్ళో పడింది. వాళ్ళు దులుపుకోలేదు. నువ్వు చెప్పినట్టే నేను పక్కన కూర్చున్నాను, ఇంకేమీ చెయ్యలేదు. ఏమీ చెయ్యకుండా ఉండటమే ఇంత కష్టమని నాకు ఇప్పటిదాకా తెలీదు.

తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. కొళాయి దగ్గరికి వచ్చేది, తాగేది, నన్ను ఒక స్తంభంలా చూసి వెళ్ళిపోయేది. తప్పు చేశానేమోనని నాకు భోజనం సయించలేదు. వాళ్ళమ్మ మాత్రం, ఇంటిదగ్గర ఇద్దరిమీదా అరుస్తోందనీ, ఏడాదిగా రాని నిద్ర ఇప్పుడు ఒళ్ళు తెలియకుండా పోతోందనీ చెప్పింది.

ఇవాళ మధ్యాహ్నం వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది. కాళ్ళు నేలకి అందవు, ఊపడం మొదలుపెట్టింది. తర్వాత అడిగింది.

"అయితే నేనింక ఏమీ చెయ్యక్కర్లేదా సార్?"

"అక్కర్లేదమ్మా."

"అసలేమీ?"

"అసలేమీ. హోంవర్కు తప్ప."

"హోంవర్కు సంగతి నేను అడగలేదు," అని దిగిపోయింది. తోటి పిల్లలు ఆవరణలో గీతలు గీసుకుని గెంతుతున్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి, నా వంతు ఎప్పుడని గొడవ పెట్టుకుంది. నేను ఇక్కడికి వచ్చాక ఆ పిల్ల ఆడుకోవడం చూడటం ఇదే మొదటిసారి.

తమ్ముడు


ఇంటి నుంచి
ఆదివారం సాయంత్రం

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఇవాళ భోజనాలయ్యాక బాల్కనీలో కూర్చుని నిదానంగా చదివాను. ఆ పిల్ల నిన్ను అడిగిన చోట ఆగిపోయాను. నువ్వు దానికి చెప్పిన జవాబు మళ్ళీ మళ్ళీ చదివాను. నాకు ఎవరూ ఆ మాట చెప్పలేదురా. ఈ వయసులో, ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్ల అడిగిపెడితే నాకు అందింది.

కాసేపు ఏడ్చాను, భయపడకు. తర్వాత ల్యాబుకి వెళ్ళాలని లేచి, వెళ్ళకుండా లోపలికొచ్చి మంచం మీద పడుకున్నాను. పక్క గదిలో మీ బావగారు వయొలిన్ గీస్తూనే ఉన్నారు. ఆపమనాలని కూడా అనిపించలేదు, ఆ మోతలోనే నిద్ర పట్టేసింది.

లేచేసరికి పొద్దు వాలింది. ఆయన మంచం పక్కన నిలబడి నా నుదురు మీద చెయ్యి పెట్టి చూస్తున్నారు. పట్టపగలు నేను పడుకోవడం ఆయన ఎన్నడూ చూడలేదు కదా, కంగారు పడ్డారు. జ్వరమా అని అడిగారు. జ్వరం కాదండీ, ఊరికే పడుకున్నాను అన్నాను.

అక్క